మునివేళ్ళ మీద నిలబెట్టకండి

మూడో తరగతి పిల్ల అంటే ఎనిమిదేళ్ళ పసిది. ఊడిన పాలపళ్ళ చోట కొత్త పళ్ళు ఇంకా సగమే వచ్చి ఉంటాయి. ఒత్తులు ఇప్పుడిప్పుడే నోటికి పట్టుబడుతుంటాయి. తీసివేతలో పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాల్సి వస్తే పెన్సిలు అక్కడే ఆగిపోతుంటుంది. అలాంటి పిల్ల ముందు 2024 డిసెంబరు 4న దేశం ఒక ప్రశ్నపత్రం పెట్టింది. దాని పేరు పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్. 781 జిల్లాల్లో, 74,229 బడుల్లో, మూడు, ఆరు, తొమ్మిది తరగతులు చదివే 21 లక్షల మందికి పైగా పిల్లలు ఆ రోజు దాన్ని రాశారు. అంతకు మూడేళ్ళ ముందు, 2021 నవంబరు 12న, టీచర్లందరూ న్యాస్ అని పిలిచే జాతీయ సాధన సర్వే జరిగింది. అప్పుడు సుమారు 34 లక్షల మంది రాశారు.

ఈ పరీక్షలో ఏ పిల్లకూ మార్కుల కాగితం రాదు, ర్యాంకు రాదు. పై తరగతికి పోవడానికీ దీనికీ సంబంధం లేదు. ఫలితాలు జిల్లా పేరిట, రాష్ట్రం పేరిట, దేశం పేరిట వెలువడతాయి. రాసేది పిల్లలే అయినా ఇది పరీక్షించేది పెద్దలను: పాఠం చెప్పే మమ్మల్ని, బడులు నడిపే ప్రభుత్వాన్ని, పిల్లల్ని బడికి పంపే ఊరిని. ఇంత చిన్న పిల్లల్ని ఇలాంటి పరీక్షకు ఎలా సిద్ధం చేయాలని అడిగితే నేను చెప్పేది ఒకటే. చదవడం, చదివింది అర్థం చేసుకోవడం, లెక్క చేయడం ఆ పిల్లలకు నిజంగా నేర్పాలి. తయారీ అంటే అదే. తక్కినదంతా ఒకటి రెండు పీరియడ్లలో చెప్పేయదగ్గ సంగతి.

ఈ మాట అనేటప్పుడు నా కళ్ళ ముందు ఉండేది గడివేముల మండలం. గని అనే ఊరి దగ్గర కనుచూపు మేర పరుచుకున్న సౌర పలకలు, బిలకలగూడూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ, కె.సి. కాలువ కింద వరి, మెట్ట మీద పత్తి, మిరప, కంది, శనగ. 2021లో న్యాస్ జరిగినప్పుడు ఈ మండలం కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడడంతో, 2024 నాటికి మండలం కొత్త జిల్లా లెక్కలో చేరింది. బడికొచ్చే పిల్లలు మాత్రం అవే ఇళ్ళ పిల్లలు. చాలామందికి అమ్మానాన్నలు కూలికి పోతారు. ఇంట్లో చదివి వినిపించే వాళ్ళు ఉండరు. పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం కనబడదు.

ఆ రెండు సర్వేలూ నవంబరు, డిసెంబరు నెలల్లో జరిగాయి. మా వైపు అవి పత్తి తీసే రోజులు. తల్లి పొద్దున్నే చేనుకు పోతే చంటిబిడ్డను చూసుకోను పెద్దపిల్ల ఇంట్లో ఉండిపోతుంది. హాజరు పట్టీలో ఆ వారాల్లో పడే ఖాళీలు ఏ మాదిరి ప్రశ్నపత్రంతోనూ పూడవు. ఒక్క టీచరో ఇద్దరో అయిదు తరగతులకూ పాఠం చెప్పే బడిలో ఆ పిల్ల తిరిగొచ్చేసరికి పాఠం ముందుకు పోయి ఉంటుంది. కూడికలు మిస్సయిన పిల్ల గుణకారం దగ్గర కూర్చుంటుంది. మూడో తరగతిలో కనబడే వెనకబాటు చాలావరకు ఇలా ఒకటో తరగతి నుంచి కొంచెం కొంచెంగా పేరుకున్నదే.

దేశం మొత్తం మీద లెక్కలు ఇదే చెబుతున్నాయి. 2024 పరఖ్ ఫలితాల ప్రకారం, 99 వరకు సంఖ్యలను చిన్నదాని నుంచి పెద్దదానికి, పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పెట్టగలిగింది మూడో తరగతి పిల్లల్లో 55 శాతం మంది. రెండంకెల కూడికలు, తీసివేతలు చేయగలిగింది 58 శాతం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేస్తున్న అసర్ సర్వే 2024లో ఇంకో సంగతి చెప్పింది. ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగింది 23.4 శాతం. 2022లో అది 16.3 శాతమే కాబట్టి మెరుగుదల ఉంది. అయినా నలుగురిలో ముగ్గురు తమకంటే ఒక తరగతి కింది పాఠాన్ని చదవలేకపోతున్నారంటే, బాధ్యత ఆ ముగ్గురి మీద వేసి ఊరుకోలేము.

సర్వే తేదీ దగ్గరపడితే బడుల్లో ఏం జరుగుతుందో టీచర్లకు తెలియంది కాదు. మాదిరి పేపర్లు వస్తాయి. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో లక్ష్యాలు చెబుతారు. పొద్దున ఒక పేపరు, మధ్యాహ్నం ఒక పేపరు. కథలు ఆగిపోతాయి, ఆటలు ఆగిపోతాయి. చదవడమే రాని పిల్ల చేత నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తు పెట్టిస్తాం. ఆ పిల్ల నేర్చుకునేది గుడ్డిగా గుర్తు పెట్టడం. నాలుగు ప్రశ్నల్లో ఒకటి ఎలాగూ తగులుతుంది. తగిలిన ఆ ఒక్కటీ ఆమెకు వచ్చినట్టు లెక్కలోకి ఎక్కుతుంది.

అంగన్‌వాడీలో పిల్లల ఎత్తు కొలిచేటప్పుడు మడమలు నేలకు ఆనించి నిలబెడతారు. మునివేళ్ళ మీద లేపి నిలబెడితే రెండంగుళాలు ఎక్కువ కనబడుతుంది. బిడ్డకు తిండి చాలడం లేదన్న నిజం ఆ రెండంగుళాల వెనక దాగిపోతుంది. ఆ బిడ్డకు రావాల్సిన గుడ్డు, పాలు రాకుండా పోతాయి. సర్వే ముందు మనం చేయించే హడావుడి తయారీ సరిగ్గా ఇంతే. దాంతో జిల్లా అంకె ఒక మెట్టు పైకి పోవచ్చు. టీచరు కావాల్సిన బడికి టీచరు అవసరమని, పుస్తకాలు కావాల్సిన బడికి పుస్తకాలు అవసరమని చెప్పే ఆధారం మాత్రం మన చేతులతో మనమే చెరిపేస్తాం.

ఈ ప్రమాదాన్ని ప్రపంచం ముందే చూసింది. ఒక అంకెను పట్టుకొని పెద్ద నిర్ణయాలు చేయడం మొదలుపెడితే ఆ అంకె నమ్మరానిదవుతుందని, అది కొలవాల్సిన పనినే పాడు చేస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంబెల్ 1970లలోనే హెచ్చరించారు. ఆ దేశంలోనే అట్లాంటా నగరంలో పరీక్షల్లో మార్కులు పెంచి చూపడానికి పిల్లల జవాబులు దిద్దిన వ్యవహారం బయటపడింది. 2011 నాటి దర్యాప్తు 44 బడుల్లో 178 మంది ఉపాధ్యాయులను, ప్రధానోపాధ్యాయులను తప్పుపట్టింది. 2015లో పదకొండు మందికి కోర్టులో నేరం రుజువైంది. వాళ్ళలో చాలామంది మొదట్లో పిల్లల మీద ప్రేమతో ఈ వృత్తిలోకి వచ్చినవాళ్ళే అయి ఉంటారు. పైనుంచి వచ్చే భయం మనిషిని అక్కడిదాకా నెడుతుంది. వేరే దారి పట్టిన దేశాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఆరేడేళ్ళ పిల్లలకు పెట్టే జాతీయ పరీక్షలు 2023-24 నుంచి బడుల ఇష్టానికి వదిలేశారు. ఫిన్లాండ్‌లో ఉన్నత పాఠశాల చదువు చివర వచ్చే మెట్రిక్యులేషన్ దాకా పిల్లలందరికీ కలిపి పెట్టే జాతీయ పరీక్షే లేదు. ఎంచుకున్న కొన్ని బడుల్లో మాత్రం కొలుస్తారు.

మన పరఖ్, న్యాస్ కూడా అలా ఎంచుకున్న బడుల్లో జరిగేవే. వాటి వల్ల పిల్లల మీద బరువు పడాల్సిన పనే లేదు. ఆ బరువు మనం తెచ్చిపెట్టుకున్నది. జిల్లాల పోటీ, మండలాల పోటీ అంటూ పై నుంచి కింది దాకా ఒకరినొకరు తొందరపెడుతూ చివరికి ఎనిమిదేళ్ళ పిల్ల నెత్తిన దించుతున్నాం.

మరి పిల్లల్ని వట్టి చేతులతో పంపాలా అంటే, కాదు. నిజమైన తయారీ ఒకటుంది, అది బడి తెరిచిన రోజునే మొదలవుతుంది.

మొదటిది చదివించి వినడం. 2021 జులై 5న మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు, అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. వేగానికి ఎందుకింత విలువ అని కొందరు అడుగుతారు. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్ల వాక్యం చివరికి వచ్చేసరికి మొదటి మాట మరిచిపోతుంది. పేరా చివరికి వచ్చేసరికి కథే మరిచిపోతుంది. ఇక ప్రశ్నకు జవాబెక్కడ? లెక్కల పేపరులో కూడా చాలాసార్లు ఇదే జరుగుతుంది. కూడిక వచ్చిన పిల్ల, లెక్కను చదవలేక తప్పు పెడుతుంది.

పిల్లకు చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే పక్కన కూర్చోబెట్టుకొని వినడం తప్ప దారి లేదు. 2022 మార్చిలో జాతీయ స్థాయిలో జరిగిన పునాది అభ్యసన అధ్యయనం దాదాపు 86 వేల మంది మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి విని చూసింది. ప్రతి బడిలోనూ చేయవలసిన పని అది. విన్నప్పుడే తెలుస్తుంది: ఒకడు ఒత్తులు వదిలేస్తున్నాడు. ఇంకొకతె మొదటి అక్షరం చూసి మాట ఊహించేస్తోంది. మరొకతె గడగడా చదివేస్తోంది గానీ పుస్తకం మూసినా అదే పాఠం అప్పచెబుతోంది. ఆ పిల్లకు ఎన్నడూ చూడని కాగితం ఇవ్వాలి. బిస్కెట్ల పొట్లం మీది అక్షరాలు, రేషన్ షాపు బోర్డు, నంద్యాల బస్సు మీది పేరు. అవి చదవగలిగితే చదువు వచ్చినట్టు.

ఎవరికి ఏది రాలేదో తెలిశాక, రోజుకో గంట తరగతిని పక్కనపెట్టి స్థాయిని బట్టి కూర్చోబెట్టాలి. అక్షరాల దగ్గర ఆగినవాళ్ళు ఒక చోట, మాటలు చదివేవాళ్ళు ఒక చోట, కథలు చదివేవాళ్ళు ఒక చోట. ప్రథమ్ తీర్చిదిద్దిన ఈ పద్ధతికి ఫలితం ఉందని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పరిశోధనల్లో తేలింది. ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో ఖర్చయ్యేది టీచరు ఓపిక ఒక్కటే. అయిదు తరగతులు ఒకే గదిలో ఉన్న బడికి ఇంతకన్నా అనువైన పద్ధతి నాకు తెలియదు.

రెండోది అర్థం. ఒక చిన్న కథ అనుకుందాం. సోమన్న రెండు మేకలను తోలుకొని సంతకు పోయాడు. సాయంత్రం ఒక మేకతో, భుజాన కొత్త దుప్పటితో తిరిగొచ్చాడు. ఎన్ని మేకలను తోలుకుపోయాడని అడిగితే తరగతంతా చెయ్యి ఎత్తుతుంది. దుప్పటి ఎట్లా వచ్చిందని అడిగితే గది నిశ్శబ్దమవుతుంది. ఎందుకంటే ఆ జవాబు కథలో రాసి లేదు, తలలో కట్టుకోవాలి. కాసేపాగితే వెనక వరుస నుంచి ఒకడు "మేకను అమ్మినాడు సార్" అంటాడు. చాలాసార్లు ఆ మాట అనేది ఇంట్లో మేకలున్న పిల్లోడే. జాతీయ పరీక్షలు ఈ రెండో రకం ప్రశ్న కూడా అడుగుతాయి. దీనికి గైడు లేదు. రోజూ కథ చెప్పుకోవాలి, ఎందుకని అడగాలి, తప్పు జవాబు చెప్పినా వాడికి అలా ఎందుకు తోచిందో వినాలి. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి తన 'దివాస్వప్న'లో నాలుగో తరగతి పిల్లలతో ప్రయోగానికి దిగిన ఉపాధ్యాయుడి చేత మొదట్లోనే కథలు చెప్పించాడు. అది వచ్చి తొంబై ఏళ్ళు దాటింది. కథను కాలక్షేపమనుకునే అలవాటు మన బడులను ఇంకా వదల్లేదు.

మూడోది లెక్క. గని పిల్లలకు ఎక్కాలు గోడ మీద రాసి చూపక్కర్లేదు. ఒక వరుసలో పది పలకలు, అలాంటివి ఏడు వరుసలు అంటే ఊరి పొలిమేరలోనే గుణకారం పరిచి ఉంది. కందికట్టె పుల్లలు పదేసి కట్టలు కడితే పదులు, ఒకట్లు చేతికి తెలుస్తాయి. 89 పెద్దదా 98 పెద్దదా అని అడిగితే కట్టలు లెక్కపెట్టి చెబుతారు. పత్తి తీసే చోట కిలోకు ఇంతని కూలి కట్టేటప్పుడు అమ్మకు ఎంత రావాలో నోటితో చెప్పే పిల్ల, అదే లెక్క నోటుబుక్కులో కనబడితే బిత్తరపోతుంది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల మీద బెనర్జీ, డఫ్లో తదితరులు చేసిన అధ్యయనం 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. బజారు లెక్క తడుముకోకుండా చేసే పిల్లలు బడి లెక్క దగ్గర ఆగిపోయారు. బడి లెక్క వచ్చిన పిల్లలు బజారు లెక్క దగ్గర ఆగిపోయారు. ఆ రెంటినీ కలిపే పని టీచరుది. పిల్ల నోటితో చెప్పిన లెక్కను ఆమె చేతే బోర్డు మీద రాయించాలి.

నాలుగోది భాష. మా పిల్లల ఇళ్ళలో ఉండేది ఎనుము, పుస్తకంలో ఉండేది గేదె. ఇంట్లో మడక, పుస్తకంలో నాగలి. తండా నుంచి వచ్చే పిల్లకు ఇంటి భాష వేరే, ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లకు వేరే. బొమ్మ చూసి తనకు తెలిసిన పేరు చెప్పిన పిల్లను తప్పు అని కూర్చోబెడితే ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పదు. ముందు ఆమె మాటను మెచ్చుకొని, పక్కనే పుస్తకం మాటను చేర్చాలి. ఒకటో తరగతి నుంచి ఇది జరిగితే మూడో తరగతిలో ప్రశ్నపత్రం పరాయిదనిపించదు.

ఇక పరీక్ష రోజు సంగతి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే రకం ప్రశ్నను పిల్లలు ముందుగా చూసి ఉండటం న్యాయమే. చదువు వచ్చిన పిల్ల, పేపరు తీరు తెలియక తప్పు పెట్టకూడదు. అందుకు నాలుగైదు పేపర్లు చాలు. నాలుగు జవాబులూ చదవమని, కచ్చితంగా కాదనుకున్నవి పక్కన పెట్టమని, రాని ప్రశ్న దగ్గర ఆగిపోకుండా ముందుకు పొమ్మని, పక్కవాడి కాగితం చూడొద్దని చెబితే సరిపోతుంది. ఆ రోజు కొత్త మనుషులు వస్తారని ముందే చెప్పాలి. తెలియని పెద్దవాళ్ళు గదిలోకి వస్తే మా పిల్లలు పేరు అడిగినా చెప్పరు. అప్పుడప్పుడు ఊళ్ళోని వేరే పెద్దమనిషినో, పై తరగతి పిల్లలనో పిలిచి కథ చదివిస్తే ఆ బెరుకు పోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, తెలియకపోతే తెలియదని వదిలేయవచ్చని, ఎవరూ కోప్పడరని ఆ పిల్లలకు నమ్మకం కలిగించాలి. ఆ నమ్మకం ఆ పొద్దున ఇస్తే కలిగేది కాదు. ఏడాది పొడవునా మనం ఎలా ప్రవర్తించామో దాన్నిబట్టి ఉంటుంది.

సర్వే మాట చెవిన పడగానే తల్లులు అడిగే మాట ఒకటుంది. "మా పాప తప్పుతాదేమో సార్?" దీంట్లో తప్పడమే లేదమ్మా అని చెబితే గానీ వాళ్ళ మొహం తేటపడదు. ఆ తర్వాత అడుగుతారు, మాకు సదువు రాదు, మేమేం చేయాల అని. చదువు రాని తల్లి కూడా చేయగలిగిన పని ఉంది. రాత్రి బువ్వ తిన్నాక బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, ఈ రోజు చదివింది చదివి వినిపించమనాలి. తర్వాత ఆ కథేందో చెప్పమనాలి. బిడ్డ చెప్పిన కథకు మొదలూ చివరా అతికిందో లేదో ఏ అవ్వకైనా తెలుస్తుంది. ఇంటి పనికి బిడ్డను ఆపుకోక తప్పని రోజులు వస్తే, ఆ సంగతి టీచరుకు చెప్పి, పోయిన పాఠం మళ్ళీ చెప్పమని అడగాలి. అలా అడగడం వాళ్ళ హక్కు. అవసరమైన పిల్లలకు అదనంగా పాఠం చెప్పడం టీచరు బాధ్యతని 2009 విద్యాహక్కు చట్టం రాసిపెట్టింది.

అధికారులకు నాది ఒక విన్నపం. సర్వే అంకెను టీచర్లను బెదిరించడానికి వాడకండి. మా జిల్లా పిల్లలు ఏ నైపుణ్యంలో తడబడుతున్నారో మాకు తెలుగులో, అర్థమయ్యేలా చెప్పండి. టీచరు ఖాళీలు నింపండి. బీరువాల్లో తాళం వేసి ఉంచిన కథల పుస్తకాలను పిల్లల చేతికి ఇవ్వనివ్వండి. చిరిగిన పుస్తకానికి లెక్క అడగకండి, ఎవరూ తాకని పుస్తకానికి అడగండి. పత్తి తీసే నెలల్లో తల్లులు పనికి పోయే వేళకు అంగన్‌వాడీలు తెరిచి ఉంటే చాలామంది అక్కలు బడికి వస్తారు. ఏ మాదిరి పేపరూ చేయలేని మేలు అది.

మూడో తరగతి దాటే ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క చేయడం రావాలని దేశం తనకు తాను పెట్టుకున్న గడువు 2026-27. గడువు ఉన్నా లేకపోయినా ఈ పని రేపటి పొద్దున మొదలుపెట్టవచ్చు. టీచర్లారా, రోజుకు అయిదుగురిని పక్కన కూర్చోబెట్టుకొని చదివించి వినండి. అమ్మలారా, నాయనలారా, రాత్రికి ఒక్క పేజీ చదివించుకొని వినండి. తడబడితే కోప్పడకండి, మర్నాడు మళ్ళీ వినండి.